రెండో జీతం దండగేనా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నిజామాబాద్. ఆరేళ్లుగా జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటున్నాం. మా ఆయనది సాఫ్ట్‌వేర్, కోతలకు ముందు జీతం నెలకు 6,000 యూరోలు. నేను యంత్రాలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ ఇంజినీర్‌ని, నా జీతం 3,500. పాప 2025 వేసవిలో పుట్టింది, ఇప్పుడు పదో నెల. నేను రెండేళ్లకు ఎల్టర్న్‌జైట్, అంటే బిడ్డను చూసుకునే సెలవు, పెట్టాను. ఆ సెలవులో ప్రభుత్వం ఇచ్చే భత్యం ఎల్టర్న్‌గెల్డ్ పన్నెండు నెలలు నాకు, రెండు నెలలు ఆయనకు. ఆయన ఒక నెల పాప పుట్టినప్పుడు తీసుకున్నారు. రెండోది పదమూడో నెలలో తీసుకుని అందరం ఇండియా వెళ్దామని ప్లాన్. అదృష్టం కొద్దీ మొదటి పుట్టినరోజు దాటగానే పాపకు కిటాలో (పగటిపూట చిన్నపిల్లల్ని చూసుకునే కేంద్రం) సీటు దొరికింది. ఉద్యోగానికి ఫుల్‌టైమ్ వెళ్తానంటే ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించారు. ట్యాక్స్ క్లాస్ ఐదులో నా చేతికి 1,900 వస్తుంది. కిటాకు 520, రాకపోకలు, బయటి ఖర్చులు పోను మిగిలేది పన్నెండు వందలు. "దీనికోసం ఇంత టెన్షన్ ఎందుకు? రిజైన్ చేసి మూడేళ్లు ఇంట్లో ఉండు, తర్వాత చూసుకుందాం" అంటున్నారు. అత్తమ్మదీ అదే మాట. మా బిల్డింగ్‌లో జర్మన్ తల్లులంతా హాఫ్ డేనే చేస్తారు. "ఇక్కడివాళ్లే అలా ఉంటే నీకేంటి?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. మా అమ్మ స్కూల్ టీచర్‌గా చేస్తూనే మమ్మల్ని పెంచింది. ఈ దేశంలో ఆడా మగా సమానం అనుకుని వచ్చాను. నాది అత్యాశా అక్కా?

జవాబు: ముందు ఒక మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత. రిజైన్ చేయకండి. శాశ్వతంగా హాఫ్ డేకి మారే కాంట్రాక్టు మీద కూడా సంతకం పెట్టకండి. ఈ రెండూ తప్ప ఇంకేం చేసినా తర్వాత సరిదిద్దుకోవచ్చు.

మీ ఆయన లెక్క తప్పు అని రాస్తానని మీరు ఎదురుచూసి ఉంటారు. ఈ నెల వరకూ చూస్తే ఆ లెక్క తప్పేమీ కాదు. జర్మనీలో 1958 నుంచి భార్యాభర్తల ఆదాయాన్ని కలిపి, రెండుగా భాగించి, ఒక సగానికి పన్ను లెక్కగట్టి దాన్ని రెట్టింపు చేస్తారు. ఒకరు బాగా సంపాదించి ఇంకొకరు ఇంట్లో ఉంటే ఈ పద్ధతిలో పన్ను బాగా తగ్గుతుంది. రెండో మనిషి పనిలోకి దిగగానే ఆ లాభం కరుగుతూ వస్తుంది. మీ జీతాలతో నేనూ సుమారుగా వేసి చూశాను. మీరు ఫుల్‌టైమ్ చేస్తే ఏడాది చివర ఇంటి మొత్తానికి కలిసొచ్చేది ట్యాక్స్ క్లాస్ ఏదైనా దాదాపు మీ ఆయన చెప్పినంతే. సంపాదించే మగాడు, ఇల్లు చూసుకునే భార్య అన్న కుటుంబాన్ని మనసులో పెట్టుకుని కట్టిన పద్ధతి ఇది. ఇల్లాలి జీతం దండగ అని మీ ఆయన అనడం లేదు, జర్మన్ పన్ను చట్టం ఆయన నోట అనిపిస్తోంది.

గొడవంతా ఆ కాగితం మీద లేని విషయాలతోనే.

మొదటిది కిటా ఫీజు. 520 యూరోలు మీ జీతంలోంచే ఎందుకు తీశారు? పాప ఇద్దరిదీ. ఆయన ఆఫీసులో కూర్చోగలుగుతున్నదీ పాపను ఎవరో చూసుకుంటున్నారు కాబట్టే. ఇన్నాళ్లూ ఆ ఎవరో మీరే అయినందువల్ల దానికి బిల్లు రాలేదు. పైగా 2025 నుంచి పిల్లల సంరక్షణ ఖర్చులో 80 శాతం దాకా, ఒక్కో బిడ్డకు ఏడాదికి 4,800 యూరోల వరకూ పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు. మీ ఫీజులో 80 శాతం అంటే దాదాపు ఆ పరిమితి అంతా. ఆయన ఆ సంగతి రాశారా?

రెండోది రెండో బిడ్డ. మీరు రాయలేదు గానీ అడగాల్సిన విషయమే. ఎల్టర్న్‌గెల్డ్‌ను బిడ్డ పుట్టడానికి ముందు పన్నెండు నెలల సంపాదన మీద లెక్కగడతారు. పాప మొదటి 14 నెలల్లో మీరు ఎల్టర్న్‌గెల్డ్ తీసుకున్న నెలల్ని ఆ లెక్కలోంచి తప్పిస్తారు. ఆ తర్వాత జీతం లేకుండా ఇంట్లో ఉన్న నెలలను మాత్రం సున్నాలుగా చేరుస్తారు. మీరు మూడేళ్లు ఇంట్లో ఉండి, అప్పుడు రెండో బిడ్డ కలిగితే మీకు వచ్చేది కనీస మొత్తం, నెలకు 300 యూరోలు. ఉద్యోగంలో ఉంటే దానికి మూడు నాలుగు రెట్లు వస్తుంది.

ఇక్కడే ట్యాక్స్ క్లాస్ సంగతి. ఆయనకు మూడో క్లాసు, మీకు ఐదో క్లాసు పెట్టుకోవడం వల్ల ఏడాది పన్ను ఒక్క యూరో కూడా తగ్గదు. నెలనెలా ఎవరి పే స్లిప్పులో ఎంత కోయాలన్నదే మారుతుంది. ఇద్దరికి రావాల్సిన మినహాయింపంతా ఆయన స్లిప్పులోకి పోయి మీది పీలగా కనిపిస్తుంది. అదే 3,500 జీతానికి నాలుగో క్లాసులో చేతికి సుమారు 2,300 వస్తుంది. కంటికి కనిపించే తేడా అయితే పోనీ అనుకోవచ్చు, కానీ ఎల్టర్న్‌గెల్డ్‌ను, ఉద్యోగం పోతే ఇచ్చే భత్యాన్ని ఆ స్లిప్పులోని నికర జీతం మీదే లెక్కగడతారు. మీకిద్దరికీ నాలుగో క్లాసు పెట్టుకోండి. పన్ను శాఖ వెబ్‌సైట్ ఎల్‌స్టర్‌లో ఆన్‌లైన్‌గా మార్చుకోవచ్చు, మరుసటి నెల నుంచి అమల్లోకి వస్తుంది. రెండో బిడ్డ ఆలోచన ఉంటే ముందే మార్చాలి, ఎందుకంటే లెక్కలోకి వచ్చే నెలల్లో ఎక్కువ నెలలు ఏ క్లాసు ఉందో దాన్నే చూస్తారు. గర్భం తెలిశాక పరుగెత్తి మార్చినవాళ్లు చాలామంది ఆలస్యమై నష్టపోతారు.

మూడోది పింఛను. ఒక మంచి సంగతి: బిడ్డ పుట్టాక మొదటి మూడేళ్లకు పెంపకం పేరిట దాదాపు సగటు జీతగాడికి పడినన్ని పింఛను పాయింట్లు తల్లి ఖాతాలో పడతాయి, ఇంట్లో ఉన్నా పనిలో ఉన్నా. పనిలో ఉంటే ఆ పాయింట్ల పైన మీ జీతానివీ చేరతాయి. 2025 జూలై లెక్కన ఒక పాయింటు అంటే ముసలితనంలో నెలకు 40 యూరోల చిల్లర. మూడేళ్ల తర్వాత ఈ కానుక ఆగిపోతుంది, మామూలుగా ఇల్లు కదలనివాళ్ల ఖాతా అక్కడే ఉండిపోతుంది. "మూడేళ్లు" అని మొదలైనది నాలుగేళ్లు, ఆరేళ్లు కాదు, పదేళ్లు సాగడం నేను చాలా ఇళ్లలో చూశాను. కిటా అయ్యాక స్కూలు, స్కూలు మధ్యాహ్నానికే అయిపోతుంది, అప్పుడు ఎవరుంటారు అంటూ.

ఇంకొకటి రాయడానికి మనసొప్పదు, రాయకపోతే తప్పు. 2008 నుంచి జర్మన్ చట్టంలో విడాకుల తర్వాత ఎవరి బతుకు వాళ్లు చూసుకోవాలన్నది నియమం. చిన్నబిడ్డను చూసుకుంటున్నందుకు భరణం మామూలుగా బిడ్డకు మూడేళ్లు వచ్చేవరకే, ఆ పైన కోర్టు దయ. ఈ మాట మీ ఆయన మీద అనుమానంతో రాయడం లేదు. ఇంట్లో ఉండిపోతే కాచుకుంటామని పన్ను చట్టం చెబుతుంది, విడాకుల చట్టం "నువ్వెందుకు సంపాదించలేదు?" అని అడుగుతుంది. ఒకే దేశం రెండు మాటలు మాట్లాడుతుంటే పక్కింటివాళ్లను చూసి నిర్ణయం తీసుకోకూడదు.

ఇక మీ బిల్డింగ్‌లోని హాఫ్ డే తల్లులు. వాళ్లను చూసి పశ్చిమ దేశాల ఆడవాళ్లకే ఉద్యోగం అక్కర్లేదనుకోవడం పొరపాటు. జర్మనీలో ఉద్యోగం చేసే ఆడవాళ్లలో సుమారు సగం మంది పార్ట్‌టైమ్, మగవాళ్లలో ఎనిమిది మందికి ఒకరు. దీని వెనక కథ ఉంది. పశ్చిమ జర్మనీలో 1977 జూన్ దాకా సివిల్ చట్టంలో ఒక వాక్యం ఉండేది: పెళ్లి, కుటుంబ బాధ్యతలకు అడ్డు రానంత వరకూ భార్య ఉద్యోగం చేయవచ్చు అని. 1977 జూలై 1 నుంచి దాన్ని తీసేశారు. మీ స్టుట్‌గార్ట్‌లో అప్పుడు పెరిగిన పిల్లలే ఇప్పటి నాన్నమ్మలు, తాతలు, ఆఫీసుల్లో పై అధికారులు. స్కూళ్లు మధ్యాహ్నమే వదిలేసేవి, మూడేళ్లలోపు పిల్లలకు క్రెష్ దొరికేది కాదు. అదే రోజుల్లో తూర్పు జర్మనీలో ఆడవాళ్లు ఫుల్‌టైమ్ పని చేయడం, పిల్లలు క్రెష్‌కు వెళ్లడం మామూలు విషయం. తూర్పు వైపు లైప్‌జిగ్‌లో పెరిగిన సహోద్యోగిని ఎవరైనా ఉంటే అడగండి, వాళ్ల అమ్మ ఏం చేసేదని. ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ సంరక్షణలో చోటు హక్కు అన్నది 2013 ఆగస్టులో గానీ దేశమంతటా రాలేదు. సీటు కోసం ఏళ్లు వెయిటింగ్ లిస్టులో ఉండి చివరికి హాఫ్ డేతో సరిపెట్టుకున్నవాళ్లు మీ పక్కింట్లో ఉండవచ్చు. అందుకే ఆ బిల్డింగ్ చూపించి "ఇదే ఇక్కడి పద్ధతి" అనడం సరికాదు. మీకు సీటు వచ్చింది, వాళ్లకు రాలేదేమో.

ఇక మన ఇళ్లలో అమ్మల సంగతి. మీ అమ్మగారు ఉద్యోగం చేసి పెంచారు. దాన్ని చూసి గర్వపడండి గానీ ఆమె రోజు ఎలా గడిచేదో కూడా గుర్తు చేసుకోండి. పొద్దున వంట, స్కూలు, సాయంత్రం మళ్లీ వంట, మధ్యలో మీకు తోడుగా ఇంట్లో ఎవరో పెద్దవాళ్లు ఉండే ఉంటారు. స్టుట్‌గార్ట్‌లో ఆ పెద్దవాళ్లు ఉండరు. షెంగెన్ వీసా మీద అత్తమ్మ గానీ అమ్మ గానీ ఆరు నెలల్లో 90 రోజులే ఉండగలరు. అంటే అమ్మగారు చేసినట్టు మీరూ చేయాలంటే ఆ పెద్దవాళ్ల స్థానంలో మీ ఆయన రావాలి. ఇక్కడి జర్మన్ ఇళ్లలో కూడా అది పూర్తిగా జరగలేదు: 2022 ప్రభుత్వ సర్వే ప్రకారం జీతం లేని పని (ఇంటిపని, పిల్లల్ని చూసుకోవడం లాంటివి) ఆడవాళ్లు వారానికి 30 గంటలు, మగవాళ్లు 21 గంటలు చేస్తున్నారు. సమానం అనుకుని వచ్చానని రాశారు కదా, చట్టాల్లో చాలావరకూ సమానమే. ఇంట్లోనే తొమ్మిది గంటల తేడా.

ఇప్పుడు చేయాల్సింది. పదమూడో నెల, ఆయన సెలవు నెల. అది ఇండియా ప్రయాణానికి కాదు, కిటాకు. కొత్తగా చేరిన బిడ్డను అలవాటు చేయడానికి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో తల్లో తండ్రో అక్కడే మూల కూర్చోవాలి, తర్వాత పది నిమిషాలు బయటికి, తర్వాత అరగంట. ఎవరు ఆ మూల కూర్చుంటారో వాళ్ల పేరే టీచర్లకు గుర్తుంటుంది, పాప ఏడిస్తే వాళ్లకే ఫోన్ వస్తుంది. ఆయననే కూర్చోనివ్వండి. ఆ వారాల్లో మీరు పనిలోకి వెళ్లండి. ఇండియా ప్రయాణం సంక్రాంతికి పెట్టుకోండి, టికెట్లు కొన్నా మార్చుకునే వీలుందేమో చూడండి. తెలుగు ఇళ్లలో తండ్రి నెలలంటే ఊరికి వెళ్లే సెలవులన్నట్టు తయారైంది. 2024 ఏప్రిల్ నుంచి పుట్టిన పిల్లలకు తల్లీ తండ్రీ కలిసి పూర్తి ఎల్టర్న్‌గెల్డ్ తీసుకోగలిగేది మొదటి ఏడాదిలో ఒక్క నెలే. ఆ నెల మీకు అయిపోయింది. రెండో నెల ఆయన ఒక్కరే బిడ్డను చూసుకోవడానికి పెట్టిందే.

పద్నాలుగో నెల నుంచి ఇద్దరూ వారానికి 32 గంటలు, అంటే నాలుగు రోజులు పనిచేసేలా చూసుకోండి. మీరు సోమవారం ఇంట్లో ఉంటే ఆయన శుక్రవారం ఉంటారు. భార్యాభర్తలిద్దరూ ఒకే కాలంలో 24 నుంచి 32 గంటల మధ్య పనిచేస్తే రెండు నుంచి నాలుగు నెలల దాకా పార్ట్‌నర్‌షాఫ్ట్స్‌బోనస్ అని అదనంగా ఇస్తారు. మీ జీతాలకు అది పెద్ద మొత్తం కాదు, చెరొక 150, మీకైతే ఇంకో యాభై అటూఇటూ. ఆయన చేతికి వచ్చేది నెలకు ఆరేడు వందలు తగ్గుతుంది కూడా. అయినా నాలుగు నెలలు చేయమంటాను. పాపతో వారానికి ఒక రోజు ఒంటరిగా గడిపిన తండ్రికి డైపర్లు ఎక్కడున్నాయో చెప్పక్కర్లేదు. నెలలు మధ్యలో తెగకుండా ఉండాలి, ఒక నెల గంటలు దాటితే ఆ నెల బోనస్ పోతుంది. అందుకే దరఖాస్తు మార్చే ముందు మీ ఎల్టర్న్‌గెల్డ్ ఆఫీసులో ఒకసారి మాట్లాడండి.

మీ సంగతికొస్తే, మీకు రెండేళ్ల ఎల్టర్న్‌జైట్ ఇంకా నడుస్తోంది. దాన్ని వదులుకోకుండానే అందులోనే 32 గంటలు పనిచేయవచ్చు. మీ కంపెనీలో 15 మందికి మించి ఉద్యోగులుంటే అది అడిగే హక్కు మీకుంది. దీని గొప్పతనం ఏమిటంటే మీ పాత ఫుల్‌టైమ్ కాంట్రాక్టు అలాగే ఉంటుంది, పాపకు రెండేళ్లు నిండి సెలవు ముగియగానే గంటలు వాటంతటవే 40కి వస్తాయి. మామూలు హాఫ్ డే కాంట్రాక్టుకు మారితే తిరిగి ఫుల్‌టైమ్ ఇవ్వాల్సిన పని కంపెనీకి లేదు. పాపకు రెండేళ్లయ్యాక కూడా తక్కువ గంటలే కావాలనిపిస్తే 2019 నుంచి బ్రుకెన్‌టైల్‌జైట్ ఉంది, 45 మంది దాటిన కంపెనీల్లో ఏడాది నుంచి ఐదేళ్ల వరకూ గంటలు తగ్గించుకుని గడువు కాగానే వెనక్కి రావచ్చు. రిజైన్ చేస్తే ఇవన్నీ పోవడమే కాకుండా, మీ అంతట మీరు మానేశారని ఉద్యోగం లేనివాళ్ల భత్యం కూడా మామూలుగా 12 వారాలు ఆపేస్తారు. "తర్వాత చూసుకుందాం" అన్న మాట చెప్పినంత తేలిక కాదు.

మొదటి చలికాలం కష్టంగా ఉంటుంది. కిటాలో చేరిన పిల్లలకు వారం విడిచి వారం జ్వరమే. ప్రభుత్వ ఇన్సూరెన్సు ఉన్న తల్లికీ తండ్రికీ ఒక్కో బిడ్డకు ఏడాదికి చెరొక 15 పనిరోజులు ఉన్నాయి, ఒకరి రోజులే ఖర్చు చేయకండి. కిటా ఫారంలో ఫోన్ నంబర్ల దగ్గర ఆయన నంబరు ముందు రాయండి. పన్నెండో నెలలోపు చేయించాల్సిన డాక్టర్ చెకప్, యూ 6 అంటారు కదా, దాని అపాయింట్‌మెంట్ దగ్గర నుంచి చెకప్‌లు రాసే పసుపు పుస్తకం తీసుకెళ్లడం దాకా ఆయనకే వదిలేయండి. మీరు గుర్తు చేయకుండా. మర్చిపోతే మర్చిపోనివ్వండి, డాక్టరు దగ్గర ఇంకో తేదీ దొరుకుతుంది.

మీ ఆయనతో "సమానత్వం" అని మొదలుపెట్టకండి, ఆ మాట రాగానే ఇద్దరూ చెరో వైపు నిలబడతారు. ఆయన లెక్కల మనిషి, లెక్కే పట్టుకెళ్లండి. ఆయన కాగితం పక్కన పదేళ్ల కాగితం పెట్టండి: జీతం పెరుగుదలలు, రెండో బిడ్డ ఎల్టర్న్‌గెల్డ్, పింఛను, ఒకరి ఉద్యోగం పోతే ఇల్లు ఎలా నడుస్తుందన్నది. ఈ ఆఖరిది సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు వివరించనక్కర్లేదు. ఆయనకూ ఒక భయం ఉండొచ్చు. నాలుగు రోజులు చేస్తానంటే టీమ్‌లో ఏమనుకుంటారో, ప్రమోషన్ ఆగిపోతుందేమోనని. నిజంగానే అనుకునేవాళ్లు ఉంటారు. ఎల్టర్న్‌గెల్డ్ తీసుకునేవాళ్లలో మగవాళ్లు నాలుగింట ఒక వంతే, వాళ్లలో చాలామంది రెండు నెలలతో సరిపెడతారు. ఆయన అది అనుభవిస్తే మీరు ఇన్నాళ్లూ పడ్డది ఆయనకు కొంచెం అర్థమవుతుంది. ఎల్టర్న్‌జైట్‌లో ఉన్నంత కాలం తొలగించకుండా చట్టం కాపాడుతుంది, ఆ ధైర్యం ఇవ్వండి.

అత్తమ్మతో వాదించకండి. ఆవిడ వచ్చే 90 రోజులు చలికాలంలో పడేలా వీసా పెట్టండి, జ్వరాల వారాల్లో ఆవిడ ఇంట్లో ఉంటే మీ ఇద్దరికీ ఊపిరి ఆడుతుంది. మనవరాలిని కొడుకు స్వయంగా కిటాలో దింపి రావడం చూస్తే ఆవిడ ఏమంటారో గానీ, ఏదో ఒకటి అంటారు. విని ఊరుకోండి.

మీది అత్యాశా అని అడిగారు. చదువుకుని, పరాయి దేశం వచ్చి, యంత్రాల కంపెనీలో పేరు తెచ్చుకున్న మనిషి తన పనికి తిరిగి వెళ్తానంటే అందులో ఆశ కూడా ఏముంది? మీకు జీతం ఇస్తానని కాగితం రాసింది కంపెనీ, మీరు అడుగుతున్నది ఆ కాగితంలో ఉన్నదే.

గంటల మార్పు అడిగే ఉత్తరాలు మీవీ ఆయనవీ రెండూ మొదలుపెట్టే తేదీకి కనీసం ఏడు వారాల ముందు కంపెనీలకు చేరాలి. పాప 2025 మే తర్వాత పుట్టింది కాబట్టి సంతకం పెట్టి పోస్టులో పంపక్కర్లేదు, మెయిల్ చాలు. ఈ వారమే పంపండి, చేరినట్టు జవాబు రాయమని అడిగి దాన్ని దాచుకోండి.